వెదుళ్ళలంక పడవ కూత

ప్రశ్న అడిగినవాడికి వెంటనే సమాధానం చెప్పే అలవాటు సోమదేవయ్యగారికి లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒకాయన చేత అరటి గెలలు మోయించారట. కోపాన్ని ఎలా జయించాలని అడిగిన ఇంకొకాయన చేత ఆశ్రమం వెనకాల దురదగొండి పీకించారట. పని పూర్తయ్యేసరికి కొందరికి సమాధానం దొరికేది, ఎక్కువమందికి నడుం నొప్పి దొరికేది. గోదావరి పాయల నడుమ వెదుళ్ళలంకలో, తాటాకు పందిరి కింద, ఆయన రోజూ సాయంత్రం పూట బోధ చేసేవారు. లంకలో ఉన్న నాలుగు గడపలూ వచ్చేవి, అవతలి గట్టు నుంచి కూడా పడవెక్కి వచ్చేవారు. ఆయన చెబుతుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకునేవారు, మగవాళ్ళు తలలు పంకించేవారు. "ఎంత బాగా చెప్పారండీ" అనుకుంటూ ఇళ్ళకు పోయి, గట్టు తగాదా పొద్దున ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడి నుంచే మళ్ళీ ఎత్తుకునేవారు.

ఈ తంతు చూసి చూసి త్రిమూర్తులుకి విసుగు పుట్టింది. త్రిమూర్తులు ఆశ్రమంలో ఉంటున్న శిష్యుడు. అంతకు ముందు యానాంలో పడవ మోటార్లు బాగుచేసే షెడ్డులో పనిచేశాడు. చేతిలో పనితనం ఉంది, మనసులో నిలకడ లేదు. ఆ నిలకడ కోసమే గురువుగారి పాదాల దగ్గరికి వచ్చి, వంటకు నీళ్ళు తోడుతూ, పందిరి ఊడుస్తూ, అందరికంటే ముందు కూర్చుని, చెప్పిన ప్రతి మాటా శ్రద్ధగా వినేవాడు. తాను విన్నది ఇతరులకు చెప్పడంలో కూడా దిట్ట. కాబట్టి మిగతావాళ్ళు మారడం లేదన్న బాధ అతనికి గురువుగారికంటే ఎక్కువగానే ఉండేది. కార్తీకం వెళ్ళబోతుండగా ఒక సాయంత్రం, జనమంతా వెళ్ళిపోయాక, చాపలు చుడుతూ అడిగేశాడు.

"గురువుగారూ, ఇన్నేళ్ళ నుంచి ఇంతమంది వింటున్నారు. వింటూ ఏడుస్తున్నారు కూడాను. ఒక్కడు మారిన పాపాన పోలేదు. లోపం ఎక్కడుందండీ? చెప్పడంలో ఉందా, వినడంలో ఉందా?"

సోమదేవయ్యగారు ఆ ప్రశ్నను పట్టించుకున్నట్టే కనపడలేదు. రేవులో పడవ మోటారు ఏడుస్తోందని ఎవరో అన్నారనీ, రేపు ఒకసారి వెళ్ళి చూసి రమ్మనీ చెప్పి, కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు. త్రిమూర్తులుకి ఈ పద్ధతి కొత్త కాదు. పైగా అరటి గెలల కంటే మోటారు నయం కదా అనుకున్నాడు.

ఆ పడవ గురించి కొంచెం చెప్పాలి. లంకకు వంతెన లేదు. లంకవాళ్ళంతా కలిసి ఒక ఫైబరు పడవ, దాని వెనక చెక్కకు తగిలించే మోటారు కొనుక్కున్నారు. దాన్ని నడిపే సరంగు లోవరాజు. నవ్వు మొహం, నల్లటి మనిషి, ఎవరు ఏ మాటన్నా పట్టించుకోకుండా నలుగురినీ నవ్వించేవాడు. అవతలి గట్టుకు పోయేటప్పుడు వాలు నీరు గనక మోటారు హాయిగా పోయేది. తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నీరు, పైగా బరువు. లంక దగ్గర పడేసరికి మోటారులోంచి సన్నగా, తెంపు లేకుండా కూత మొదలయ్యేది. ఆ కూత విని లంకలో ఆడవాళ్ళు పాల క్యాన్లు అందుకునేవారు, ఆసుపత్రికి పోవలసినవాళ్ళు చెప్పులు తొడుక్కునేవారు, బడి పంతులమ్మ గొడుగు తీసుకునేది. రేవుకు చేరేసరికి పడవ కూడా చేరేది. మన మోటారుకు మన ఊరు తెలుసనీ, అవతలి గట్టు చూసి ఏనాడూ కూయలేదనీ, లంకను చూస్తే చాలు గుర్తుపట్టి కూస్తుందనీ చెప్పుకుని లంకవాళ్ళు మురిసిపోయేవారు. పొరుగు లంకల పడవలకు ఆ తెలివి లేదని వాళ్ళకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

త్రిమూర్తులు మర్నాడు పడవలో కూర్చుని పోయి, తిరిగి వస్తూ కూత విన్నాడు. విన్న మరుక్షణం అతనికి సంగతి తెలిసిపోయింది. అది ఊరిని చూసిన సంబరం కాదు. మోటారు ఒళ్ళు కాలిపోతోందని, కాపాడమని పెడుతున్న కేక. ఒడ్డుకు చేరగానే మోటారు ఆపించి, మూత విప్పి, వరసగా చూసుకుంటూ వచ్చాడు. నూనె సరిగ్గానే ఉంది. తాళం తిప్పి చూస్తే, వేడెక్కినప్పుడు కూసే బజరు ఒక్కసారి కిచకిచలాడి ఊరుకుంది, అంటే అదీ బాగానే ఉంది. మళ్ళీ నడిపించి మోటారు పక్కనుంచి పిల్లధార ఎలా వస్తోందో చూశాడు. మోటారు నది నీళ్ళు పీల్చుకుని, ఆ నీళ్ళతో ఒళ్ళు చల్లార్చుకుని, కొంచెం బయటికి వదులుతుంది. వేలు లావున రావలసిన ఆ ధార దారపు పోగులా వస్తోంది. మోటారును పైకి ఎత్తి చూస్తే, నీళ్ళు పీల్చే జల్లెడ నిండా గుర్రపుడెక్క వేళ్ళు అల్లుకుని, వాటి మీద ఒండ్రు పేరుకుని ఉంది. దాహంతో చస్తున్న గొడ్డు నోటికి చిక్కం కట్టినట్టుంది వ్యవహారం. వేళ్ళన్నీ తుంచి, ఒండ్రు కడిగి, తీగతో కన్నాలు పొడిచి శుభ్రం చేశాడు. పిల్లధార ఠీవిగా దూకింది. కూత ఆగిపోయింది.

అప్పుడే ఇంకొకటి కూడా అతని కంట పడింది. ఆ మోటారుతో పాటు ఒక ఎర్రటి మెలికల తాడు వస్తుంది. ఒక కొసన క్లిప్పు మోటారు మీది స్విచ్చికి, రెండో కొస సరంగు మణికట్టుకి. సరంగు కాలు జారి నీళ్ళలో పడితే తాడు లాక్కుపోయి క్లిప్పు ఊడుతుంది, మోటారు ఆ క్షణమే ఆగుతుంది. లేకపోతే మనిషి లేని పడవ గుండ్రంగా తిరిగి తిరిగి పడినవాడి మీదికే వస్తుంది. లోవరాజు ఆ తాడును మోటారు మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టి, పసుపు దారంతో ముడివేసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంచాడు. దసరాకి మోటారుకు పూజ చేసినప్పుడు కట్టాడట. ఎర్రటి తాడు, కొత్త మోటారుతో పాటే వచ్చింది, రక్షతాడు కాక మరేమిటని అతని లెక్క. రక్షతాడేగాని అది నీకు, మోటారుకు కాదని త్రిమూర్తులు నచ్చజెప్పి, ముడి విప్పి అతని చేతికి తగిలించాడు.

రెండు మంచి పనులు చేశానన్న తృప్తితో ఆ సాయంత్రం త్రిమూర్తులు బోధ ఇంకా శ్రద్ధగా విన్నాడు. ఆ తృప్తి మర్నాటి మధ్యాహ్నం దాకానే ఉంది. పడవ కూత లేకుండా రేవుకు వచ్చింది, కాసేపు చూసి వెళ్ళిపోయింది. పాల క్యాన్లు ఇళ్ళలోనే ఉండిపోయి పాలు విరిగాయి. పంతులమ్మ తన ఊరికి పోలేకపోయింది. లంకంతా ఆశ్రమం మీదికి వచ్చింది. వేడి గురించీ, గుర్రపుడెక్క గురించీ త్రిమూర్తులు చెప్పింది అందరూ విన్నారు. అలాగా అన్నారు. ఇప్పుడు బాగుపడింది గదా, ఇక ఆ కూత మళ్ళీ పెట్టెయ్యమన్నారు. అతను అవతలి గట్టుకు పోయి రబ్బరు బూరా ఒకటి తెచ్చి లోవరాజుకిచ్చాడు. లోవరాజు దాన్ని ఊదడం మరిచిపోయేవాడు, ఊదినా అది ఐసుబండి వాడి బూరాలా ఉందని పిల్లలు అటూ ఇటూ పరిగెత్తేవారే తప్ప పెద్దలెవరూ కదిలేవారు కాదు. తమ పడవ గొంతు తమకు కావాలన్నారు.

ఈలోగా తాడు సంగతి కూడా తేలిపోయింది. నిండు పడవలో ఒక ముసలమ్మకు చెయ్యందించడానికి లోవరాజు లేచి రెండడుగులు ముందుకు వేశాడో లేదో, తాడు లాక్కుని నది మధ్య మోటారు ఆగింది. పడవ పడవంతా గొల్లుమని నవ్వింది. సరంగును గుంజకు కట్టేశారనీ, కుడితి ఎవరు పెడతారనీ వారం రోజులు లంకలో అదే హాస్యం. నలుగురినీ నవ్వించే మనిషికి తనను చూసి నలుగురు నవ్వడం పడలేదు. తాడు విప్పి, క్లిప్పు స్విచ్చిలోనే ఉంచి, మళ్ళీ మోటారు మెడకు చుట్టేశాడు.

"మీకో దండమండి త్రిమూర్తులుగారూ. నేనేవన్నా గేదినేంటండి, పలుపేసి కట్టేత్తన్నారు?" అన్నాడు.

తాడు విషయంలో త్రిమూర్తులు ఇంకొక్కసారి చెప్పి ఊరుకున్నాడు. కూత విషయంలో మాత్రం ఊరుకోనివ్వలేదు జనం. అతను కనపడితే మొహాలు పక్కకు తిప్పుకునేవారు. ఏ ఇంటి ముందు నిలబడ్డా మజ్జిగ పుచ్చుకోండి అనే మాట లేదు. బోధకు వచ్చినవాళ్ళు కూడా అతను వేసిన చాప వదిలి వేరే చాప మీద కూర్చునేవారు. మంచి చేసి మాట పడటం ఎంత కష్టమో పడ్డవాడికే తెలుస్తుంది. ఆ కష్టం త్రిమూర్తులు ఎక్కువ రోజులు పడలేకపోయాడు. ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా రేవుకు పోయి, మోటారులో వేడి కనిపెట్టే బొత్తాం నుంచి బజరుకు వెళ్ళే వైరును ఊడదీశాడు. దాని కొస ఒలిచి, కొక్కెంలా వంచాడు. నది సగానికి వచ్చాక దీన్ని ఈ బోల్టుకు తగిలించు, కూస్తుంది, ఒడ్డు చేరాక తీసెయ్యి అని లోవరాజుకు చూపించాడు. ఇక వేడికీ కూతకూ సంబంధం లేదు. జల్లెడను వారానికోసారి తానే వచ్చి కడుగుతాననీ, నెల తిరక్కుండా మంచి హారన్ ఒకటి తెచ్చి విడిగా బిగించి, ఈ వైరు మళ్ళీ దాని చోట పెట్టేస్తాననీ మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు అతను నిజంగానే పెట్టుకున్నాడు, అందులో అబద్ధమేమీ లేదు.

ఆ రోజు పడవ కూసుకుంటూ వచ్చింది. లంకలో పండగ వాతావరణం. ఆ సాయంత్రం త్రిమూర్తులు పరిచిన చాప మీద చోటు చాలలేదు. ఎవరో అరిసెలు తెచ్చారు. జనం వెళ్ళాక సోమదేవయ్యగారు ఏం చేశావని అడిగారు. అతను చేసింది చెప్పాడు, ఒట్టు సంగతి కూడా చెప్పాడు. ఆయన రేవు వైపు చూశారు.

"నొప్పి లేకుండా ఏడవడం నేర్పావు దానికి," అన్నారు. "నొప్పి పుట్టిన రోజున ఏ గొంతుతో ఏడుస్తుంది నాయనా?"

త్రిమూర్తులు కదిలిపోయాడు. ఎంత లోతైన మాట! "ఎంత బాగా చెప్పారండీ గురువుగారూ" అన్నాడు. రెండు చేతులూ జోడించాడు కూడా. ఆ మాటను రాత్రంతా మననం చేసుకున్నాడు. మనసు గురించీ, భక్తి గురించీ, దొంగ కన్నీళ్ళ గురించీ అందులో ఎన్నో అర్థాలు కనపడ్డాయి. మర్నాడు పందిరి కింద పదిమందికీ చెప్పాడు, వాళ్ళూ తలలు పంకించారు. ఆ పదిమందిలో ముందు వరసలో లోవరాజు కూడా ఉన్నాడు. అతనికి ఆ మాట ఎంతగానో నచ్చి, పడవ ఎక్కినవాళ్ళందరికీ చెబుతూ వైరు తీసి బోల్టుకు తగిలించేవాడు. ఇందరు చెప్పుకున్నారుగాని ఆ వైరును తీసి దాని చోట పెట్టినవాడు లేడు.

మొదటి వారం త్రిమూర్తులు జల్లెడ కడిగాడు. రెండో వారమూ కడిగాడు. తరవాత ఆశ్రమంలో గురుపూజ పనులు వచ్చాయి. హారన్ కొనడానికి అవతలి గట్టుకు పోదామనుకున్న రోజున ఏదో ఒకటి అడ్డం పడేది. లోవరాజుకు కూడా సగం నదిలో వంగి వైరు తగిలించడం విసుగనిపించి, దాన్ని బోల్టుకే వదిలేశాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా, ఆ గట్టు నుంచి ఈ గట్టుదాకా మోటారు కూస్తూనే తిరిగేది. పడవలో కూర్చున్నవాళ్ళు ఆ మోతలోనే కబుర్లు చెప్పుకోవడం నేర్చుకున్నారు.

ధనుర్మాసం వచ్చింది. గోదావరి మీద పొద్దున్నే పట్టిన మంచు చాలాసేపటిదాకా విడిచేది కాదు. అలాంటి ఒక ఉదయం లోవరాజు బస్సుకు పోవలసినవాళ్ళను అవతల దింపి, పాల క్యాన్ల కోసం ఒక్కడే తిరిగి బయలుదేరాడు. రేవులో జనం నిలబడి ఉన్నారు. పూజకు సరుకులు తేవడానికి త్రిమూర్తులు కూడా సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా చెయ్యి చాపితే చెయ్యి కనపడటం లేదు. అందరూ మంచులోకి చెవులు రిక్కించారు. కూత వినపడింది. వచ్చేస్తున్నాడన్నారు. ఆడవాళ్ళు క్యాన్లు ఎత్తి చంకన పెట్టుకున్నారు. కూత దగ్గరికి వచ్చింది, దూరం పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. మంచులో రేవు కనపడక వెతుక్కుంటున్నాడని ఒకరన్నారు. ఇన్నేళ్ళు సరంగు చేసినవాడికి రేవు కనపడదా, ఆటలాడుతున్నాడని ఇంకొకరన్నారు. వేళాకోళాలు అయ్యాయి. తరవాత విసుగు, ఆ తరవాత తిట్లు. పాలు విరిగితే వాడి తాత ఇస్తాడా అని ఒకామె గట్టిగానే అంది. త్రిమూర్తులు కూడా వస్తున్నాడనే అనుకున్నాడు. ఆ కూతకు అర్థం లేదని ఆ గట్టు మీద తెలిసినవాడు అతనొక్కడే, ఎందుకంటే దాని అర్థాన్ని ఊడదీసింది అతనే. అయినా తక్కిన అందరిలాగే సంచి భుజానికి తగిలించుకుని నీటి అంచుకు నడిచాడు.

సూర్యుడు పైకి వచ్చి మంచు పలచబడింది. లంకకు దిగువన ఇసుకతిన్నె చాటున, నీరు నిలకడగా ఉన్నచోట, పడవ గుండ్రంగా తిరుగుతోంది. అందులో మనిషి లేడు. ఎవరో చేపల దోనె తెస్తే త్రిమూర్తులు దూకి అందులో పడ్డాడు. పడవ ఒకసారి తిన్నెకు రాసుకుని వేగం తగ్గినప్పుడు దాన్ని పట్టుకుని ఎక్కాడు. మోటారు మెడకు ఎర్రతాడు చుట్టి ఉంది, పసుపు దారం కూడా అలాగే ఉంది. క్లిప్పు పట్టి లాగాడు. అంతే, ఒక్క లాగుకు మోటారు ఆగిపోయింది. పిల్లధార ఆఖరి చుక్కలు రాల్చింది, అప్పటిదాకా అది నిక్షేపంగా వేలు లావున కారుతూనే ఉంది. కూత మాత్రం ఆగలేదు. తాళం తిప్పి ఉన్నంతసేపూ అది కూస్తూనే ఉంటుంది, అతనే అలా అమర్చాడు. బోల్టు నుంచి కొక్కెం తప్పించాక నది మీద నిశ్శబ్దం పరుచుకుంది. త్రిమూర్తులు ఆ వైరు కొస చేత్తో పట్టుకునే కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి దిగువన చేపల కోసం పాతిన వలకట్టు గుంజల దగ్గర లోవరాజు దొరికాడు. వీపు మీదా, భుజం మీదా మోటారు రెక్కల గాట్లున్నాయి. కుడి గుప్పిట బిగుసుకుపోయి ఉంది. బలవంతాన విప్పితే అందులో గుర్రపుడెక్క వేళ్ళు. ఏం జరిగిందో చూసినవాళ్ళు లేరుగాని త్రిమూర్తులుకు చూసినంత స్పష్టంగా తెలిసింది. జల్లెడ మూసుకుపోయింది. మోటారు కాగిపోయి మందగించింది. కూత ఎప్పుడూ ఉండేదే గనక, ఆవిరి కమురు వాసన కొట్టేదాకా లోవరాజుకు తెలియలేదు. తెలిశాక మోటారు ఆపకుండానే వెనక చెక్క మీద బోర్లా వాలి, నీళ్ళలోకి చెయ్యి పెట్టి వేళ్ళు పీకాడు. పీకేశాడు కూడా, మోటారు బాగుపడింది. బాగుపడిన మోటారు ఒక్క ఊపున ముందుకు దూకింది, వాలి ఉన్న మనిషి జారిపోయాడు. తరవాత పడవ తిరిగి వచ్చింది, అతని మీదికే. అప్పుడతను అరిచి ఉంటాడు. గట్టు మీద అందరూ ఉన్నారు. కూత మోతలో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు.

త్రిమూర్తులు శవం దగ్గరే, అందరి ముందూ, తప్పు తనదని చెప్పాడు. వైరు ఊడదీసింది తానే అన్నాడు. ఎవరో ఒకరు చెంప పగలగొడితే బాగుండునని అతనికి ఆశగా ఉంది. ఒక్కరూ చెయ్యెత్తలేదు. వాడి నూకలు చెల్లాయి, మీరేం చేస్తారండీ అన్నారు. భుజం తట్టారు. గంగమ్మ పిలిచిందన్నారు. తలరాతను ఎవరు తప్పిస్తారన్నారు. అతను లోవరాజు భార్య మంగాయమ్మ దగ్గరికి పోయి, ఆమె అయినా తిడుతుందేమోనని తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె అతనికేసి చూడలేదు, పొయ్యికేసి చూస్తూ మాట్లాడింది.

"రోజూ అలా కూసుకుంటానే వచ్చీదండి. ఆయేళా కూసుకుంటానే వచ్చింది. వచ్చేత్తన్నాడు గదాని అన్నం వార్చేశానండి."

దినవారాలు అయ్యాక సోమదేవయ్యగారు బోధకు కూర్చున్నారు. లంకంతా వచ్చింది, అవతలి గట్టు నుంచీ వచ్చారు, అంత జనం ఎప్పుడూ రాలేదు. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. లోవరాజు గురించి రెండు మాటలు చెప్పారు, మంచులో నిలబడి మనమందరం విన్న కూత అతని చావు కేకేననీ, వచ్చేస్తున్నాడని సంతోషించామనీ చెప్పారు. పందిరి కింద జనం వెక్కివెక్కి ఏడ్చారు. పోతూ పోతూ, ఇవాళ గురువుగారు మరీ బాగా చెప్పారని, గుండె కరిగిపోయిందని అనుకున్నారు. ఆ మాట త్రిమూర్తులు చెవిన పడింది. ఇంతకు ముందైతే వాళ్ళను అసహ్యించుకునేవాడు. ఇప్పుడు ఆ సౌకర్యం కూడా అతనికి లేదు.

మాసికం వెళ్ళకముందే లంకకు కొత్త సరంగు వచ్చాడు. లంక పెద్దలు ఆశ్రమానికి వచ్చి, చల్లగా కూర్చుని, మజ్జిగ తాగి, అసలు సంగతికి వచ్చారు. త్రిమూర్తులు బజరు వైరును దాని చోట పెట్టేశాడు గదా, ఇప్పుడు పడవ మళ్ళీ మూగదైపోయిందని, పాలు మళ్ళీ విరుగుతున్నాయని, ఆ కూత కాస్త పెట్టించమని అడిగారు. పోయినవాడు పోయాడు, ఉన్నవాళ్ళ పని నడవాలి గదా అన్నారు. త్రిమూర్తులు ససేమిరా అన్నాడు. అరిచాడు. చేతులు పట్టుకుని బతిమాలాడు కూడా. వాళ్ళు అతని బాధను ఎంతో సానుభూతితో విన్నారు. వారం తిరక్కుండా అవతలి గట్టు నుంచి వేరే మనిషిని పిలిపించి వైరు ఊడదీయించి, మళ్ళీ బోల్టుకు తగిలించుకున్నారు. ఎర్రతాడును కొత్త సరంగు మోటారు మెడకే చుట్టాడు, లోవరాజు ఆత్మ శాంతికని దానికి ఒక నిమ్మకాయ కూడా కట్టాడు.

ఆ సాయంత్రం పందిరి కింద గురుశిష్యులిద్దరే ఉన్నారు. నది మీద పడవ కూస్తూ వస్తోంది. లంకలో తలుపులు తెరుచుకుంటున్నాయి, ఎవరో ఎవరినో త్వరగా రమ్మని కేకేస్తున్నారు. త్రిమూర్తులు చెవులు మూసుకోబోయి, మానేశాడు. లోపం ఎక్కడుందని ఆనాడు తాను అడిగిన ప్రశ్న అతనికి గుర్తుంది, దాన్ని మళ్ళీ అడిగే మొహం లేదు. గురువుగారి పాదాల దగ్గర కూర్చున్నాడు.

"వైరు ఊడదీసిన నాడే మీరు చెప్పారు గురువుగారూ," అన్నాడు. "నేను విన్నాను."

సోమదేవయ్యగారి మొహంలో కోపం లేదు, దయ కూడా లేదు.

"విన్నావు నాయనా," అన్నారు. "బాగా చెప్పానని కూడా అన్నావు."